కళ్ళజోళ్ళాయన గాలిమిషను

మార్కెట్ వీధి మలుపులో మందుల షాపుకీ చెప్పుల షాపుకీ మధ్య ఇరుక్కుని ఓ కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. దాని యజమానిని అందరూ కళ్ళజోళ్ళాయన అనే పిలుస్తారు. అరవైకి దగ్గరపడ్డ మనిషి. పొట్టిగా, బొద్దుగా ఉంటాడు. తలమీద మందుకైనా ఒక్క వెంట్రుక లేదు. "ఆ కొట్లో లైటు ఒకటే, వెలుగు మాత్రం రెండుచోట్ల నుంచి వస్తుంది" అని మందుల షాపతను నవ్వుతుంటాడు.

కళ్ళజోళ్ళాయనది మెత్తని స్వభావం. ఉన్న ఫ్రేములన్నీ దింపించి, ఒక్కొక్కటీ పెట్టి చూసుకుని, రేపొస్తామని వెళ్ళిపోయినా కిమ్మనడు. కానీ జోడు చేయించుకుని పెట్టుకోని వాళ్ళని చూస్తే మాత్రం ఆయనకి అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

"జేబులో పెట్టుకుంటే జేబుకి కనిపిస్తుంది గానీ నీకెలా కనిపిస్తుందయ్యా?" అని దులిపేస్తాడు. "కొలిచి, అద్దం అరగదీసి ఇచ్చింది ఎవరి మంచికి? కొత్తలో బరువుగానే ఉంటుంది. ఓర్చుకో. వారం తిరిగేసరికి నీ ముక్కే మర్చిపోతుంది."

ఇంత చక్కగా చెప్పగలిగిన మనిషి, తన ముక్కుకి డాక్టరిచ్చిన వస్తువుని ఏడాదిన్నర పాటు పెట్టుకోకుండానే పెట్టుకుంటున్నట్టు నెట్టుకొచ్చాడంటే ఎవరూ నమ్మరు. కానీ జరిగింది అదే.

మొదలైంది దుకాణంలోనే. ఓ మధ్యాహ్నం బ్యాంకులో పనిచేసే ఒకావిడ కళ్ళ పరీక్షకి వచ్చింది. ఆయన ఆవిడని కుర్చీలో కూర్చోబెట్టి, కంటికి అద్దం బిగించి, ఎదురుగోడ మీది అక్షరాలు చదవమని తను పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. ఆవిడ పై వరస చదివింది. రెండో వరస చదివింది. చీమ తలకాయల్లాంటి ఆఖరి వరసని కూడా కూడబలుక్కుని చదివి, "కరెక్టేనాండీ?" అంది. జవాబు లేదు. తప్పు చదివానేమోనని మళ్ళీ మొదటి నుంచి అందుకుంది. అప్పటికీ ఉలుకూ పలుకూ లేకపోయేసరికి అద్దం తీసి చూసింది. కళ్ళజోళ్ళాయన గోడకి తల ఆనించి, నోరు తెరిచి, హాయిగా గురక పెడుతున్నాడు.

ఆ వార్త ఆయనకంటే ముందు ఇల్లు చేరింది.

ఆయన భార్య చిన్నపిల్లల బడిలో టీచరు. ఉదయం పూట బడి కనుక మధ్యాహ్నం భోజనాల వేళకి ఇంటికొచ్చేస్తుంది. ఏళ్ళ తరబడి అల్లరి పిల్లల్ని అదుపులో పెట్టిన గొంతు ఆవిడది. ఆ గొంతు వింటే ఎవరైనా తెలియకుండానే చేతులు కట్టుకుంటారు, మొగుడితో సహా. మర్నాడే ఆయన్ని నిద్రజబ్బుల డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్ళింది. డాక్టరమ్మ ఒంటినిండా వైర్లు అంటించి ఓ రాత్రి ఆసుపత్రిలో పడుకోబెట్టింది. నిద్రలో గొంతు మూసుకుపోయి మాటిమాటికీ ఊపిరి ఆగుతోందని తేల్చింది. దానికి మందు గాలే. పక్కన చిన్న పెట్టెలాంటి మిషను పెట్టుకుంటే, గొట్టంలోంచి ముక్కు మీది మాస్కులోకి గాలి తోస్తుంది. ఆ తోపుకి గొంతు మూసుకుపోకుండా ఉంటుంది. రోజూ పెట్టుకోవాలి, నిద్రపోయినంతసేపూ పెట్టుకోవాలి.

పెట్టుకోగానే ఆయనకి పరిగెత్తే బస్సు కిటికీలోంచి తల బయటపెట్టినట్టనిపించింది. మాట్లాడబోతే ముక్కులో దూరిన గాలి నోట్లోంచి బుస్సుమని వచ్చింది. అద్దంలో చూసుకుంటే తొండం మొలిచిన గుమ్మడికాయలా ఉన్నాడు.

"ఎలా ఉందండీ?" అంది భార్య.

"స్వర్గంలా ఉంది," అన్నాడు గొట్టంలోంచి.

ఆయన అదృష్టం కొద్దీ ఆవిడ తల దిండు మీద వాల్చడమే ఆలస్యం, నిద్రపోతుంది. నిద్రపోయిందో లేదో తొంగి చూడనక్కర్లేదు. ఎందుకంటే ఆవిడా గురక పెడుతుంది, ఆయనకి ఏమాత్రం తీసిపోకుండా. ఆ సంగతి లోకంలో ఆయనొక్కడికే తెలుసు. ఆవిడకే తెలియదు. పెళ్ళైన కొత్తలో ఓసారి చెప్పబోతే, "ఛ, నేనా? గురకా?" అని ఆవిడ నవ్విన నవ్వు చూసి నోరు కుట్టేసుకున్నాడు. అప్పట్నుంచీ దాన్ని కడుపులోనే దాచుకున్నాడు. ఇప్పుడా గురకే ఆయనకి గంట కొట్టినట్టు పనికొచ్చింది. అది వినపడగానే మాస్కు పీకేసి, మిషను ఆపేసి, అటు తిరిగి పడుకునేవాడు. తెల్లారి ఆవిడ కంటే ముందు లేచి, బుగ్గల మీద పట్టీల గుర్తులు పడేదాకా మాస్కుని మొహానికి అదుముకుని కూర్చునేవాడు. డాక్టరమ్మ మళ్ళీ రమ్మన్నప్పుడల్లా దుకాణంలో తీరిక లేదనేవాడు. పగటి కునుకు సంగతి చూసుకోవడానికి స్టూలు తీసి అటక మీద పడేశాడు. నిలబడి మనిషి ఎంతసేపని నిద్రపోతాడు?

మనసులో కాస్త ముల్లు గుచ్చుకుంటూనే ఉండేది. కారణం భార్య శ్రద్ధ. రోజూ ఆయన దుకాణం నుంచి వచ్చేసరికి మాస్కు గోరువెచ్చటి నీళ్ళలో కడిగి, తుడిచి, దండెం మీద ఆరేసి ఉండేది. 'నా మాస్కుని కంటికి రెప్పలా చూసుకుంటోంది, పిచ్చిది' అనుకునేవాడు. పైగా ఆవిడ మారిపోయింది. ఒకప్పుడు సాయంత్రమైతే తలకి గుడ్డ కట్టుకుని, గిన్నె చప్పుడైనా కసురుకునే మనిషి, మిషను వచ్చాక తలనొప్పి మాటే ఎత్తడం మానేసింది. కూనిరాగాలు తీస్తోంది. మొగుడి ఆరోగ్యం కుదుటపడిందన్న సంతోషమే అదంతా అని ఆయన లెక్క. తనొక చిన్న అబద్ధమాడితే ఇంటికి ఇంత మేలు జరుగుతుంటే, నిజం చెప్పి దాన్ని చెడగొట్టడం ఎందుకు?

అలా సాగుతుండగా ఓ మధ్యాహ్నం దుకాణంలో ఫోను మోగింది. అవతల భార్య వెక్కి వెక్కి ఏడుస్తోంది. ఆయన ఎవరి ముక్కు మీదో కొలుస్తున్న ఫ్రేముని అక్కడే వదిలేసి ఇంటికి పరిగెత్తాడు.

మిషను భోజనాల బల్ల మీద ఉంది. దాని మీద తువ్వాలు కప్పి ఉంది. దానికి ఆమడ దూరంలో, కిటికీ పక్కన, భార్య పమిట చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది.

"కంపెనీ వాళ్ళు ఫోన్ చేశారండీ. ఈ రకం మిషన్లన్నీ వెనక్కి తీసుకుంటున్నారట. చప్పుడు రాకుండా లోపల స్పాంజి లాంటిది పెడతారట కదా, అది చివికిపోయి పొడి పొడి అవుతోందట. ఆ పొడి గాలితో పాటు లోపలికి పోవచ్చట!" ఆవిడ తువ్వాలు వైపు వేలు చూపించింది. "ఏడాదిన్నర! ఏడాదిన్నర పాటు పీల్చాం కదండీ ఆ పాడు స్పాంజిని!"

పీల్చాం, అంది. ఆ మాటకి కళ్ళజోళ్ళాయన గుండె నీరైపోయింది. మొగుడి ఊపిరే తన ఊపిరనుకునే ఇల్లాలు ఎంతమందికి దొరుకుతుంది! నిజం చెప్పేద్దామని నోరు తెరిచాడు.

అప్పుడే ఆవిడకి దగ్గొచ్చింది. పొడి దగ్గు, ఖళ్ళు ఖళ్ళుమని. ఆవిడ అంత బాధపడుతుంటే తను ఊరికే నిలబడడం మర్యాద కాదనిపించి, ఆయనా చిన్నగా దగ్గాడు. అంతే. ఆవిడ మొహం పాలిపోయింది.

"మీక్కూడా మొదలైందా!" అంది.

ఆ 'కూడా' అన్న మాట ఆయన చెవిన పడింది గానీ బుర్రకెక్కలేదు. చిన్న దగ్గుతో పెద్ద గొయ్యి తవ్వుకున్నానని మాత్రం అర్థమైంది.

డాక్టరమ్మ ఊళ్ళో లేదు, వారం చివరకి గానీ రాదన్నారు. ఈలోగా ఇంట్లో ఆయన బతుకు మహారాజు బతుకైపోయింది. దుకాణానికి వెళ్ళొద్దంది భార్య. మంచం దిగొద్దంది. బడికి సెలవు పెట్టి, మెత్తగా వండి, చల్లార్చి, చేతికిచ్చింది. తను దగ్గినప్పుడల్లా ఆయన వంక చూసేది. ఆ చూపుకి తట్టుకోలేక ఆయనా దగ్గేవాడు. ఇద్దరి దగ్గులూ వంతులు వేసుకున్నట్టు సాగేవి.

మూడోనాటికి కబురు బావగారికి చేరింది. బావగారంటే ఆవిడ అన్నయ్య, రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన మనిషి. ఆరేళ్ళుగా ఆ ఇంటి గుమ్మం తొక్కలేదు. కళ్ళజోళ్ళాయన చేసిచ్చిన జోడు పెట్టుకుని మెట్లు దిగుతూ, లేని మెట్టు మీద కాలేసి పడ్డాడాయన. అద్దాలు తప్పని బావగారూ, మెట్లు దిగేటప్పుడు చదువుకునే జోడు పెట్టుకోవడం తప్పని కళ్ళజోళ్ళాయనా పట్టుబట్టి మాటలు మానుకున్నారు. అలాంటి మనిషి సంచీ నిండా పళ్ళతో వచ్చి మంచం పక్కన కూలబడ్డాడు.

"బావా, తప్పు నాదే," అన్నాడు. "అది చదువుకునే జోడే. నాకప్పుడే తెలుసు. ఒప్పుకోవడానికి నోరు రాలేదంతే. పోయేవాడితో పంతమేంటి, చెప్పు?"

"ఎవరు పోయేది?" అన్నాడు కళ్ళజోళ్ళాయన ఉలిక్కిపడి.

"ఎవరూ పోవట్లేదు. నువ్వు ధైర్యంగా ఉండు," అంటూ బావగారు చెయ్యి నిమిరి, కళ్ళు తుడుచుకుని, తను తెచ్చిన అరటిపండే ఒకటి వొలుచుకుని తిన్నాడు.

ఆరేళ్ళుగా వినాలని తపించిపోయిన మాట అది. వినగానే పరమానందం కలగాల్సింది. కానీ కళ్ళజోళ్ళాయనకి పరుపు కింద ముళ్ళు పరిచినట్టే ఉంది. ఇప్పుడు నిజం చెబితే భార్య ఒక్కతే కాదు, బావగారు కూడా మీద పడతాడు. చెప్పకపోతే డాక్టరమ్మ వచ్చాక ఏ పరీక్షలు చేస్తుందో, లేని జబ్బుకి ఏ సూదులు గుచ్చుతుందో. అటు నుయ్యి, ఇటు గొయ్యి. మధ్యలో మెత్తటి పరుపు.

ఆ సాయంత్రమే కంపెనీ తరఫున మిషను తీసుకెళ్ళడానికి ఒకమ్మాయి వచ్చింది. నీలం కోటు వేసుకుని, చేతులకి తొడుగులు తొడుక్కుని, పెద్ద అట్టపెట్టె పట్టుకుంది. చకచకా మాట్లాడే మనిషి.

"కంగారు పడకండి అంకుల్. అన్ని మిషన్లూ పాడైనట్టు కాదు. కొన్నింట్లో అలా జరిగింది కాబట్టి ముందు జాగ్రత్తగా అన్నీ వెనక్కి తీసుకుంటున్నాం. దీని బదులు కొత్తది వస్తుంది, కాకపోతే కాస్త టైం పడుతుంది. అప్పటిదాకా ఏం చేయాలో మీ డాక్టర్ గారే చెప్పాలి. సొంతంగా మానేయొద్దు, సొంతంగా వాడొద్దు." ఇంతలో మిషను పెట్టెలో సర్దేసి మాస్కు చేతిలోకి తీసుకుంది. "ఇది కూడా చూస్తాను. పట్టీలు సరిగ్గా..."

ఆగిపోయింది. పట్టీ చివర అతుక్కునే గరుకు ముక్కలోంచి రెండు వేళ్ళతో ఏదో లాగింది. లాగుతూనే ఉంది. మూరెడు పొడుగు వెంట్రుక వచ్చింది. దాని వెనకే ఇంకోటి. ఆ వెనక ఇంకో రెండు.

ఆ అమ్మాయి వెంట్రుకల వంక చూసింది. కళ్ళజోళ్ళాయన గుండు వంక చూసింది. మర్యాద తెలిసిన పిల్ల కనుక గొంతు తగ్గించి అడిగింది.

"అంకుల్, మీరు పడుకునేటప్పుడు విగ్గు పెట్టుకుంటారా?"

బావగారు అరటితొక్క కింద పెట్టేసి లేచి నిలబడ్డాడు. "ఎవరి జుట్టయ్యా అది?" అన్నాడు. ఆయన గొంతులో గార్డు ఈల వినపడింది. "నా చెల్లెలికి అన్యాయం చేస్తున్నావా నువ్వు?"

కళ్ళజోళ్ళాయనకీ తెలియదు అదెవరి జుట్టో! అలవాటు కొద్దీ జేబులోంచి భూతద్దం తీసి, వెంట్రుకని లైటుకి ఎదురుగా పట్టి చూశాడు. సగం నలుపు, సగం నెరుపు. ఆయన మెల్లగా భార్య వైపు తిరిగాడు. ఆవిడ గోడ వైపు తిరిగింది.

"నాదే," అంది గోడతో.

బావగారు మళ్ళీ కూర్చున్నాడు.

"బడి నుంచి తలనొప్పితో వచ్చేదాన్ని," అంది. "ఓ రోజు కడుగుదామని తీసి, ఎలా ఉంటుందో చూద్దామని పెట్టుకున్నా. అలాగే నిద్రపట్టేసింది. లేచేసరికి తలనొప్పి లేదు, లోకమంతా కడిగినట్టుంది. అప్పట్నుంచీ రోజూ మధ్యాహ్నం పెట్టుకుంటున్నా. మీ మందు నేను వాడుకుంటున్నానని చెప్పడానికి సిగ్గేసింది."

కళ్ళజోళ్ళాయన బుర్రలో ఒక్కొక్క దీపమే వెలిగింది. మాస్కు కడగడం. కూనిరాగాలు. పీల్చాం. మీక్కూడా.

"అయితే నువ్వు ఏడ్చింది నా కోసం కాదా?" అన్నాడు, నిజంగానే నొచ్చుకుని.

"ఇద్దరి కోసమూనూ! మధ్యాహ్నం కాసేపు పీల్చిన నాకే ఇంత దగ్గొస్తుంటే, రాత్రంతా పీల్చిన మీ గతేంటని ఏడ్చాను!"

ఇక దాచడం తన వల్ల కాలేదు. "నేనసలు పీల్చనే లేదే," అనేశాడు.

తర్వాత అక్కడ జరిగింది పూర్తిగా చెప్పడం కష్టం. బడిలో ఏ పిల్లాడూ అంతసేపు తిట్లు తిని ఉండడు. రోజూ బుగ్గల మీద గుర్తులు ఎలా వచ్చాయో చెప్పించుకుని మరీ తిట్టింది. అంతా విన్నాక బావగారు మిగిలిన పళ్ళు సంచీలో వేసుకున్నాడు.

"మిషన్లే కాదమ్మాయ్, నా క్షమాపణ కూడా నేను వెనక్కి తీసుకుంటున్నాను," అన్నాడు నీలం కోటు పిల్లతో. "ఆ అద్దాలు తప్పే!"

ఆ పిల్ల నవ్వు ఆపుకోవడానికి మొహం అట్టపెట్టెలో పెట్టుకుని టేపు అంటించింది.

వారం చివర డాక్టరమ్మ ఇద్దర్నీ ఎదురుగా కూర్చోబెట్టుకుంది. ఛాతీ ఫొటోలు తీయించింది, గొంతులు చూసింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఆవిడ దగ్గు సగం సుద్దముక్కల పొడి, సగం భయం. ఆయన దగ్గు పూర్తిగా మర్యాద. ఒకరి మాస్కు ఒకరు పెట్టుకుంటారా అని టీచరమ్మనీ, ఇచ్చింది పెట్టుకోకుండా నాటకాలాడతారా అని ఆయన్నీ వాయించింది. తర్వాత ఆవిడకీ వైర్లు అంటించి పరీక్ష చేసింది. మొగుడి కంటే ఆవిడ ఊపిరే ఎక్కువసార్లు ఆగుతోందని తేలింది.

"నిద్రలో మీ గురక గురించి ఎవరూ ఎప్పుడూ చెప్పలేదామ్మా?" అంది డాక్టరమ్మ.

ఆవిడ నవ్వబోయింది. పక్కన మొగుడు చెప్పుల వంక చూసుకుంటున్నాడు. నవ్వు ఆగిపోయింది.

తిరుగు బస్సులో ఇల్లు దగ్గరపడ్డాక ఆవిడే అడిగింది.

"ఎప్పట్నుంచి?"

"పెళ్ళైన మొదటి వారం నుంచి."

"ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు బాధపడతావని."

"ఇన్నేళ్ళు తల పగిలిపోయింది నాకు," అంది ఆవిడ. గొంతులో కోపం లేదు. అదే ఆయనకి ఎక్కువ తగిలింది. "ఒక్క మాట చెప్పి ఉంటే ఒక్కరోజు బాధపడేదాన్ని. మీ దుకాణానికి వచ్చినవాళ్ళకి చూపు తగ్గిందని చెప్పరూ? వాళ్ళూ బాధపడతారుగా."

ఆయన ఆవిడ సంచీ అందుకుని తన ఒళ్ళో పెట్టుకున్నాడు. చేయగలిగింది అదే అనిపించింది.

ఆసుపత్రిలో అరువుకి ఇవ్వడానికి వేరే రకం మిషను ఒక్కటే ఉంది. దాన్ని ఆవిడకి ఇచ్చారు. కొత్తది వచ్చేదాకా ఆయన్ని వెల్లకిలా పడుకోవద్దన్నారు. పక్కకి తిరిగి పడుకుంటే గొంతు కాస్త తెరుచుకుంటుందట. దాని కోసం ఆవిడ ఆయన బనియను వెనక జేబు కుట్టి, అందులో రబ్బరు బంతి పెట్టింది. వెల్లకిలా తిరిగితే బంతి నడుముకి గుచ్చుకుంటుంది. ఆయన ఆ బంతితో కుస్తీ పడుతుంటే, పక్కన భార్య మాస్కు పెట్టుకుని, చప్పుడు లేకుండా, పసిపిల్లలా నిద్రపోయేది. ఆవిడని అలా చూడడం ఆయనకి అదే మొదటిసారి. గది నిశ్శబ్దంగా ఉంటే ఏం తోచేది కాదు. ఉండబట్టలేక ఓ పొద్దున్న అడిగేశాడు, "నా మిషను ఎప్పుడొస్తుందే?" అని.

ఆవిడ పడీ పడీ నవ్వింది.

కొన్ని నెలలకి ఆయన మిషనూ వచ్చింది. తెచ్చిచ్చిన నీలం కోటు పిల్లే కిటుకు చెప్పింది. ఒకేసారి రాత్రికి పెట్టుకోకుండా, పగలు మెలకువగా ఉన్నప్పుడు కాసేపు పెట్టుకుని పేపరు చదువుకోమంది. ఆయన ఆదివారాలు వరండాలో మాస్కుతో కూర్చుని పేపరు చదివాడు. మందుల షాపతను చూసి విమానం ఎప్పుడు దిగుతుందని అడిగాడు. అడగనీ అనుకున్నాడు. ముక్కు నిజంగానే మర్చిపోవడం మొదలెట్టింది.

ఇప్పుడు మంచానికి చెరో పక్కనా ఒక మిషను. ఒకటే ఇబ్బంది. మాస్కులు పెట్టుకున్నాక మాట్లాడుకోవడం కుదరదు. నోరు తెరిస్తే బుస్సుమంటుంది. అందుకని ఆవిడ బడిపిల్లలకి నేర్పే సైగలు మొగుడికి నేర్పింది. చూపుడువేలు పైకెత్తితే లైటు ఆపమని. అరచెయ్యి ఊపితే ఫ్యాను తగ్గించమని. చెవి పట్టుకుంటే మాస్కు పక్క నుంచి గాలి కారి చప్పుడు చేస్తోంది, సరిచేసుకోమని.

మొన్నో రాత్రి ఆవిడ చెవి పట్టుకుంది. పొద్దున్న తనతో గొడవపడినందుకు క్షమించమంటోంది కాబోలనుకుని ఆయన పొంగిపోయి, పర్లేదన్నట్టు చెయ్యి ఊపాడు. ఆవిడ ఫ్యాను తగ్గించింది. ఆయనకి ఉక్కపోసి వేలు పైకెత్తి ఫ్యాను చూపించాడు. ఆవిడ లైటు ఆపేసింది. చీకట్లో ఇంకే సైగా పనికిరాక కళ్ళజోళ్ళాయన మాస్కు ఎత్తి, "ఫ్యానే!" అని అరిచాడు. అవతలి నుంచి ఆవిడా మాస్కు ఎత్తి, "గాలి కారుతోందండీ, పట్టీ బిగించుకోండి మహానుభావా!" అంది. రెండు మిషన్లూ బుస్సుబుస్సుమంటుంటే ఇద్దరూ నవ్వుతూ చీకట్లో పట్టీల కోసం తడుముకున్నారు.